ఏ సినిమా ఇది?

పోయిన దసరాకి మా పిన్ని తెనాలి నుంచి మా ఇంటికొచ్చింది. సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి దాచుకున్న డబ్బులతో ఒక ఎల్పీ రికార్డు కొనుక్కుంది. కవరు మీద నీలాకాశం, సముద్రపు పిట్టలు, నవ్వుతున్న ఒక తెల్లమ్మాయి. పిన్ని కళ్ళజోడు సవరించుకుని కవరు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ సినిమా ఇది?"

"సినిమా కాదు అమ్మమ్మా. టేలర్ స్విఫ్ట్ అని, ఆవిడ ఆల్బమ్."

"ఈ పిల్ల యాక్టు చేసేదా, పాడేదా?"

"పాడేది. పాటలు రాసుకునేది కూడా."

"పాడే మనిషి బొమ్మే వేశారా కవరు మీద!"

నేను నవ్వాను. కాసేపటికి పిన్ని రేకు పెట్టె గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

1970లలో పిన్ని దగ్గర హెచ్.ఎం.వి. ఫియెస్టా అనే రికార్డు ప్లేయరు ఉండేది. దానికి తోడు ఒక రేకు పెట్టె నిండా సినిమా రికార్డులు. కవర్ల మీద అన్నీ హీరోలు, హీరోయిన్లు. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో, పాడినవాళ్ళ పేర్లు. పిన్ని ప్రతి కవరు ముందు వైపున, హీరో భుజం మీదో హీరోయిన్ చీర కుచ్చిళ్ళ మీదో, బాల్‌పెన్నుతో తెలుగులో రాసుకుంది: సుశీల. జానకి. లీల. జిక్కి. బంగారం లాంటి కవర్లు ఎందుకు పాడుచేశావని చిన్నప్పుడు అడిగితే, "నాకు కావలసింది పాట కదే, హీరో మొహం చూసి ఎట్లా వెతుక్కోను?" అంది.

వినైల్ (అంటే ఈ రికార్డులే) మళ్ళీ వచ్చింది, వినైల్ మళ్ళీ వచ్చింది అని పదిహేనేళ్ళుగా పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఆ రాతల్లో ఎప్పుడూ ఒకటే బొమ్మ కనిపిస్తుంది. నెరిసిన గడ్డం పెద్దమనిషి, ఖరీదైన యాంప్లిఫయరు, గోడ నిండా పాత రాక్, జాజ్ రికార్డులు. డిజిటల్‌లో ప్రాణం లేదు, వెచ్చదనం లేదు అంటూ ఆయన మనకి క్లాసు తీసుకుంటూ ఉంటాడు. ఆ బొమ్మ అబద్ధం కాదు, కానీ ఈ వ్యాపారాన్ని నిలబెడుతున్నది ఆయన కాదు. ఆడవాళ్ళు చేసిన ఆల్బమ్‌లు, వాటిని కొంటున్న మా అమ్మాయిలాంటి వాళ్ళు. ఈ సంగతి ఒప్పుకోవడానికి గడ్డం పెద్దమనిషికి ఎందుకో మనసొప్పదు.

లెక్కలు చూద్దాం, మళ్ళీ మాట్లాడుకోవచ్చు. అమెరికాలో 2020లో రికార్డుల మీద వచ్చిన డబ్బు సీడీల మీద వచ్చినదాన్ని దాటింది. 1986 తర్వాత అదే మొదటిసారి. 2022కి సంఖ్యలో కూడా దాటేసింది: రికార్డులు 4 కోట్ల 10 లక్షలు, సీడీలు 3 కోట్ల 30 లక్షలు. ఆ మరుసటి ఏడాది టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్ '1989'ని మళ్ళీ పాడి విడుదల చేస్తే, మొదటి వారంలో వినైలే 6,93,000 పోయింది, ఏడాది తిరిగేసరికి పది లక్షలు దాటింది. 2023లో అమెరికాలో అమ్ముడైన ప్రతి పదిహేను రికార్డుల్లో ఒకటి ఆవిడదే. 2024లో ఇంకో ఆల్బమ్‌కి మొదటి వారం 8,59,000, 2025లో మరోదానికి 13 లక్షల పైన. ఇదంతా ఒక్క మనిషి గొడవ అని కొట్టిపారేద్దామంటే, బిల్లీ ఐలిష్, ఒలీవియా రోడ్రిగో, లానా డెల్ రే, సబ్రీనా కార్పెంటర్, చాపెల్ రోన్ లాంటి గాయనులు ఉన్నారు. ఈ మధ్య ఏళ్ళలో ఎక్కువ అమ్ముడైన రికార్డుల పట్టిక తీస్తే పై వరసల్లో వీళ్ళే తగులుతారు.

నాకు తెలిసిన ఒక రికార్డుల పిచ్చాయన ఉన్నారు. జుమ్మేరాత్ బజార్‌లో ఆయన్ని ఎరగని పాత సామాన్ల వ్యాపారి ఉండడు. సూది పెట్టకుండానే గాడి మెరుపు చూసి రికార్డు ఎంత అరిగిందో చెప్పగలరు. ఆయన విద్య మీద నాకు గౌరవం. కానీ ఆయన కూడా "ఈ ఆడపిల్లలొచ్చి వినైల్ని బొమ్మల కొలువు చేసేశారమ్మా" అంటారు. మొన్నటిదాకా రికార్డు తయారయ్యే కంపెనీలన్నీ మూతపడుతున్నాయని ఏడ్చింది కూడా ఈయనే.

2021లో బ్రిటిష్ గాయని అడెల్ మీద పడిన నింద ఇలాంటిదే. ఆవిడ '30' ఆల్బమ్‌కి ఐదు లక్షల పైగా రికార్డులు అచ్చు వేయిస్తున్నారని వార్త వచ్చింది. అప్పటికే అచ్చు కోసం చిన్న బ్యాండ్లు నెలల తరబడి వరసలో ఉన్నాయి. అంతే, వరసంతా అడెల్ వల్లే ఆగిపోయిందన్నారు. అసలు జరిగింది వేరు. రికార్డు తయారీలో ముందు లక్క పూత పూసిన పళ్ళెం మీద గాడి చెక్కుతారు. అప్పట్లో ఆ పళ్ళేలు ప్రపంచం మొత్తానికి చేసేవి రెండే సంస్థలు: ఒకటి జపాన్‌లో, ఒకటి కాలిఫోర్నియాలోని బానింగ్‌లో. బానింగ్ ఫ్యాక్టరీ 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. నెల తిరక్కుండా కరోనా. పని చేసేవాళ్ళు లేరు, ముడిసరుకు లేదు, 1990లలో తుక్కు కింద అమ్మేసిన ప్రెస్సులు మళ్ళీ దొరకవు. అమెరికాలోనే ఏడాదికి నాలుగు కోట్ల రికార్డులు అమ్ముడవుతున్న రోజుల్లో ప్రపంచమంతటికీ కలిపి ఐదు లక్షలంటే నూటికి ఒక వంతు మాట. కానీ ఫ్యాక్టరీ తగలబడిందంటే ఎవరికి కావాలి, అడెల్ అంటే హెడ్డింగు పెద్దగా పెట్టుకోవచ్చు.

ఒక విషయంలో మాత్రం విమర్శ నిజం, దాటేస్తే నాకే తప్పనిపిస్తుంది. ఒకే ఆల్బమ్‌ని నాలుగు రంగుల్లో, నాలుగు కవర్లలో అమ్మడం. టేలర్ స్విఫ్ట్ 'మిడ్‌నైట్స్' నాలుగు రకాలుగా వచ్చింది. నాలుగూ కొని వెనక అట్టలు పక్కపక్కన పెడితే గడియారం అవుతుంది. మా అమ్మాయి ఆ గడియారం కావాలని అడిగింది. గోడకి ఒకటుంది చాలని చెప్పాను. 2024లో బిల్లీ ఐలిష్ ఈ పద్ధతంతా వృథా అని గట్టిగానే మాట్లాడింది. రికార్డంటే పీవీసీ ప్లాస్టిక్, మట్టిలో కలిసేది కాదు. రెండు నెలలకి ఆవిడ ఆల్బమ్ కూడా ఎనిమిది రంగుల్లో వచ్చిందనుకోండి, రీసైకిల్ చేసిన సరుకుతో. పోటీలో దిగాక ఎవరికైనా తప్పదేమో. ఈ రంగుల వ్యాపారం మగ బ్యాండ్లు కూడా శుభ్రంగా చేస్తున్నాయి. వాళ్ళ దగ్గరికొచ్చేసరికి దాన్ని 'లిమిటెడ్ ఎడిషన్' అని గౌరవంగా పిలుస్తారు.

ఇంకో వెక్కిరింత: "వీళ్ళలో సగం మందికి ప్లేయరే లేదట." ఇది కూడా నిజమే. అమెరికాలో రికార్డులు కొన్నవాళ్ళలో సగం మందికే వాటిని వినే మిషన్ ఉందని 2023లో ఒక సర్వే తేల్చింది. అయితే ఏమిటి? మన ఇళ్ళల్లో బీరువాలో పడుకున్న వెండి కంచంలో రోజూ ఎవరు తింటున్నారు? ఫోన్లో పాట ఉంటుంది, కానీ అది మన దగ్గర ఉండదు. చందా కట్టడం మానేస్తే పోతుంది, కంపెనీ గొడవ పడితే మాయమవుతుంది. పాడిన మనిషికి మన డబ్బు చేరిందని చెప్పుకోవడానికి చేతిలో ఒక వస్తువు కావాలని ఒక పిల్ల అనుకుంటే, అందులో నవ్వాల్సిందేముంది? పైగా ఆ '1989' కవరు మీద పేరు పక్కన 'టేలర్స్ వెర్షన్' అని ఉంటుంది. అది అలంకారం కాదు. ఆవిడ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగుల (అంటే అసలు రికార్డింగుల) మీద హక్కులు 2019లో వేరేవాళ్ళ చేతిలోకి పోయాయి. ఆవిడ కోర్టుల చుట్టూ తిరగలేదు. నాలుగు ఆల్బమ్‌లు మళ్ళీ మొదటినుంచి పాడి, పాతవి కొనొద్దు ఇవి కొనండి అంది. జనం కొన్నారు. 2025 మేలో పాతవాటి హక్కులు కూడా తిరిగి కొనేసుకుంది. మా అమ్మాయికి ఈ కథంతా తారీఖులతో సహా తెలుసు. గడ్డం పెద్దమనుషులకి ఇష్టమైన బ్యాండ్ల హక్కులు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళకెంతమందికి తెలుసో నాకు అనుమానమే.

మరి ఈ పెద్దమనుషులకి పాడే ఆడవాళ్ళంటే పడదా అంటే, అదేం కాదు. మహా ప్రేమ. కాకపోతే అమ్ముడుపోని వాళ్ళంటే ప్రేమ.

రూపా బిశ్వాస్ అని కలకత్తా ఆవిడ. 1980ల మొదట్లో కెనడాలోని కాల్గరీకి వెళ్ళినప్పుడు అక్కడ పాడింది. సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్ విని రికార్డు చేద్దామన్నాడు. ఆయన సరోద్, అక్కడి కుర్రాళ్ళ గిటార్లు, డ్రమ్ములు, మధ్యలో ఈ బెంగాలీ గొంతు. నాలుగే పాటలు, ఒక్కొక్కటీ నిదానంగా సాగుతూ పోతుంది. 'డిస్కో జాజ్' అని పేరు పెట్టి 1982లో కలకత్తాలో మెగాఫోన్ కంపెనీ వేసింది. ఎవరూ కొనలేదు. ఆవిడ మళ్ళీ ఆల్బమ్ చెయ్యలేదు, సంసారంలో పడిపోయింది. ముప్పై ఏళ్ళు దాటాక ఎవరో యూట్యూబ్‌లో పెట్టిన 'ఆజ్ శనిబార్' పాట ఖండాలు దాటింది. ఆ పాత రికార్డు కోసం విదేశాల్లో వందల డాలర్లు పోస్తున్నారని కొడుకు నెట్‌లో చూసి చెప్పేదాకా ఆవిడకి ఈ సంగతే తెలియదు. 2019లో షికాగోకి చెందిన న్యూమెరో గ్రూప్ దాన్ని మళ్ళీ అచ్చు వేసింది.

ఆ పాట నాకూ ప్రాణం. వంటింట్లో పోపు వేస్తూ వినడానికి అంతకన్నా హాయైనది లేదు. కానీ ఈ 'దొరికిన నిధి' కథల్లో ఒక తీరు గమనించండి. ఇంగ్లండ్‌లో వష్టి బన్యన్ 1970లో ఒక ఆల్బమ్ చేసింది. కొన్ని వందలు పోయాయి అంతే. మనసు విరిగి సంగీతం వదిలేసి, పిల్లల్ని పెంచుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపేసింది. 2000లో అది మళ్ళీ వచ్చింది, 2005లో రెండో ఆల్బమ్ చేసింది. ఈలోపు మొదటి అచ్చు రికార్డు ధర ఎక్కడికో పోయింది. ఆ ధరలో పైసా కూడా పాడిన మనిషికి రాదు, పాత రికార్డుల బేరమే అంత. ఓడిపోయి, వంటింట్లోకి వెళ్ళిపోయి, అడగటం మానేసిన గాయని అయితే కలెక్టరుకి ఎంతో సౌకర్యం. ఆవిడని 'కనిపెట్టిన' గొప్ప ఆయనది. అదే స్టేడియం నిండా జనంతో ఒకేసారి పాడించుకునే మనిషిని కనిపెట్టడానికి ఏముంటుంది? అందుకే ఒకళ్ళంటే ఆరాధన, ఇంకొకళ్ళంటే చిరాకు. రెండింటి వెనకా ఉన్న మనిషి ఒక్కడే.

ఎవరు కూర్చుని తూకం వేస్తున్నారన్నదే అసలు సంగతి. అమెరికాలో ఒక పెద్ద సంగీత పత్రిక 2003లో 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేసింది. కెనడా గాయని జోనీ మిచెల్ 'బ్లూ' అందులో 30వది. ఆడవాళ్ళు చేసినవాటిలో అదే అన్నిటికన్నా పైన. 2020లో మళ్ళీ కొత్త వాళ్ళతో ఓట్లు వేయించారు. 'బ్లూ' మూడోదైంది, లారిన్ హిల్ ఆల్బమ్ పదో స్థానానికొచ్చింది. 1971 నాటి ఆ రికార్డులో పదిహేడేళ్ళలో కొత్తగా ఒక్క స్వరం కూడా చేరలేదు.

'బ్లూ' ఎల్పీ మొదటి వైపు ఎలా ముగుస్తుందో ఒకసారి వినండి. రికార్డు ఒకే వేగంతో, నిమిషానికి ముప్పై మూడుంపాతిక చుట్లకి కాస్త ఎక్కువగా తిరుగుతుంది. అంచు దగ్గర ఒక చుట్టులో సూది చాలా దూరం నడుస్తుంది, లోపలికి వచ్చేకొద్దీ నడిచే దూరం తగ్గుతుంది. అంటే అంతే పాటని ఇరుకు చోట్లో కుక్కాలి. అక్కడ గట్టి వాయిద్యాలు బొంగురుపోతాయి. 'స', 'శ' అక్షరాలు బుసకొడతాయి, సన్నగా పైకి పోయే గొంతుల్లో మరీను. అందుకని తెలిసినవాళ్ళు వైపు చివర్లో నెమ్మదైన పాట పెడతారు. జోనీ మిచెల్ అక్కడ ఒట్టి పియానో మీద పాడిన 'బ్లూ' అన్న పాట పెట్టింది. అది అయిపోయాక గదిలో చప్పుడుండదు. లేచి వెళ్ళి తిప్పాలి. ఆ లేచే వ్యవధి కూడా ఆవిడ ఆల్బమ్‌లో భాగమే. ఇరవై నిమిషాలు ఒకవైపు, ఇరవై నిమిషాలు ఇంకోవైపు, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పాడే మనిషే తేల్చుకోవడం. ఆల్బమ్ అంటే ఇదే. పాటలు గుత్తిగా కట్టడం కాదు.

ఇక్కడే పిన్ని ప్రశ్న నన్ను పట్టుకుంది. మనకి పాటలు లేవా? పి. సుశీల గారు 17,695 పాటలు పాడినట్టు లెక్కకట్టి 2016లో గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. పదిహేడు వేలు! ఆవిడ పాడిన భక్తి పాటల రికార్డులు ఉన్నాయి, కాదనను. కానీ ఏ పాట తర్వాత ఏ పాట రావాలో, కవరు మీద ఏ బొమ్మ ఉండాలో ఆవిడే తేల్చుకున్న నలభై నిమిషాలు ఆ రాశిలో ఎన్ని? సినిమా పాటకి ముఖం ఒకరిది, సందర్భం ఒకరిది, సొంతదారు ఇంకొకరు. హిందీలో అయితే 1949లో 'మహల్' సినిమాకి లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని వేశారు. కామిని ఎవరనుకున్నారు, సినిమాలో మధుబాల వేసిన పాత్ర! లేని మనిషికి ఇచ్చిన పేరు ఉన్న మనిషికి ఇవ్వలేదు. ఆ తర్వాత పేరు కోసం, రాయల్టీ కోసం లత గట్టిగానే కొట్లాడారు.

విచిత్రం ఏమిటంటే మొదట్లో ఇలా లేదు. మన దేశంలో రికార్డు మొదలైందే ఆడగొంతుతో. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ కొమ్ములాంటి గొట్టంలోకి గొంతెత్తి పాడి, పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని అరిచి చెప్పేది. రికార్డు అచ్చు వేసేది జర్మనీలో, లేబుల్ మీద ఎవరి పేరు రాయాలో అక్కడివాళ్ళకి తెలియాలి కదా. అవసరానికి చెప్పిందే. కానీ నూటపాతికేళ్ళ నాటి ఆ కేక ఇప్పుడు వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

మన తెలుగులోనూ అంతే. మూడు నిమిషాల పాత రికార్డుల కాలంలో 'ప్రైవేటు పాటలు' అని వేరే ఉండేవి. లేబుల్ మీద గాయని పేరే. రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ళకే రికార్డు ఇచ్చారు, తెలుగులో లలితగీతానికి తొలి గొంతు ఆవిడదే అంటారు. పెళ్ళయ్యాక పాట తగ్గిపోయింది. 2025 అక్టోబరులో, 97 ఏళ్ళకి వెళ్ళిపోయారు. టంగుటూరి సూర్యకుమారి సంగతి ఇంకా చిత్రం. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' శంకరంబాడి సుందరాచారి సినిమా కోసం రాస్తే సినిమావాళ్ళు వాడుకోలేదు. సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డే దాన్ని ఊరూరా తిప్పింది. సినిమా వద్దన్న పాట ఒక అమ్మాయి రికార్డు వల్ల రాష్ట్ర గీతమైంది. బడి ప్రార్థనలో ఆ పాట పాడిన మనలో ఎంతమందికి ఆ మొదటి గొంతు తెలుసు?

ఎల్పీ వచ్చేనాటికి సినిమా అన్నిటినీ మింగేసింది. మగవాళ్ళకీ ఆల్బమ్‌లు తక్కువే, ఘంటసాల భగవద్గీత లాంటిది ఏదో ఒకటి. ఆడవాళ్ళలో తప్పించుకున్నది ఎక్కువగా కచేరీవాళ్ళు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం చూడండి. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు, అంటే సరిగ్గా ఎల్పీకి ఒక వైపు. మధ్యలో హడావుడి లేదు, సాగతీత లేదు. తెలుగువాళ్ళు ఎక్కువసార్లు విన్న ఆడగొంతు ఆల్బమ్ అదేనని నా నమ్మకం, కాకపోతే దాన్ని మనం ఆల్బమ్ అనుకోం, తెల్లవారడం అనుకుంటాం. దాని రాయల్టీ ఆవిడ తితిదే వేదపాఠశాలకి రాసిచ్చేశారు. గొప్ప మనసు, సందేహం లేదు. తన పాట మీద వచ్చే డబ్బు తనే ఉంచుకున్న గాయనిని మనం ఇంతగా మెచ్చుకునేవాళ్ళమా అన్న సందేహం మాత్రం నాకుంది.

పిన్ని పెట్టెలో బాల్‌పెన్ను పడని కవర్లు రెండు రకాలే. ఒకటి ఆ సుప్రభాతం. రెండోది భానుమతి గారి సినిమాలవి. ముఖమూ ఆవిడదే, గొంతూ ఆవిడదే, సినిమా కంపెనీ కూడా ఆవిడ ఇంటిదే. మిగిలిన అందరికీ పిన్నే పేరు పెట్టుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మన దేశంలో కూడా కొత్త రికార్డులు వస్తున్నాయి. 2024లో ముంబైలో మళ్ళీ అచ్చు మొదలైంది. దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా పాత హిందీ సినిమాలు, అవే హీరోల కవర్లు. తెలుగులో ఎవరైనా పూనుకుంటే సినిమా పేరుతో కాకుండా గాయని పేరుతో వెయ్యమని నా మనవి. జిక్కివి పన్నెండు పాటలు ఏరి, వరస ఆలోచించి, కవరు నిండా జిక్కి ముఖం వేసి, లోపల ఆవిడ కథ తెలుగులో రాసి ఇవ్వండి. బాలసరస్వతీదేవి ప్రైవేటు పాటలు వెయ్యండి. మూడు వేలైనా పెట్టి కొంటాను. మా అమ్మాయి కూడా కొంటుంది, ఎందుకంటే అలాంటి వస్తువు ఎందుకు కొనాలో ఆ పిల్లకి నాకన్నా బాగా తెలుసు.

తెనాలి బయల్దేరే ముందు రోజు పిన్నికి పాత పాట ఏదో వినాలనిపించింది. ఫియెస్టా ఎప్పుడో పాడైపోయింది. మా అమ్మాయి ఫోను తీసి, "ఎవరు పాడారు అమ్మమ్మా?" అని అడిగింది. పిన్ని చెప్పింది: "సుశీల." పిల్ల పాట మొదటి మాటలు, సుశీల పేరు రెండూ కొట్టింది. పాట దొరికింది. వేళ్ళతో పెద్దది చేసి స్క్రీను పిన్నికి చూపించింది. పైన పెద్ద అక్షరాలు: 'సావిత్రి హిట్స్'.

పిన్ని కళ్ళజోడు సవరించుకుంది. "సావిత్రి ఎప్పుడు పాడిందే?"